సందర్భమెరిగిన పరికరం

పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్య వ్రాసే విద్యార్థి వాక్యార్థం మాత్రమే చెబితే చాలదు. ఆ మాటను ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో తెలుపవలెను. క్షేత్ర పరిశోధనకూ ఇదే నియమం వర్తిస్తుంది. ‘పులి అడుగుజాడ కనిపించింది’ అన్న వాక్యానికి స్థలకాలాలు తోడైతే తప్ప ప్రామాణ్యం సిద్ధించదు.

పూర్వపు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల దక్షిణపుటంచున, కృష్ణానది వెంట నల్లమల అరణ్యం విస్తరించి ఉన్నది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణకు చెందిన భాగం, రాష్ట్ర విభజన అనంతరం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. దీని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంతటి అడవిలో కావలివారు నోటుపుస్తకంలో వ్రాసుకొన్న దానికి చాలాకాలం వారి మాటే సాక్ష్యం.

1966లో రూపొందిన పాదముద్రల పద్ధతి దేశమంతటా దశాబ్దాలపాటు సాగింది. పులి అడుగుపై గాజుపలక నుంచి, దాని రూపురేఖలను గీసి లెక్కించేవారు. కాని ఒకే పులి అడుగు బురదలో ఒకలాగా, ఇసుకలో మరొకలాగా పడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో లెక్కల పట్టికలలో పులులుండగానే, 2005 నాటికి అడవిలో ఒక్కటీ మిగలలేదు. కాగితం మీద బ్రతికి ఉన్న పులిని వేటగాని నుండి కాపాడేదెవరు?

జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, భారత వన్యప్రాణి సంస్థ కలిసి 2010లో ఎం-స్ట్రైప్స్ అనే వ్యవస్థను ప్రవేశపెట్టాయి. 2018 నాటి దేశవ్యాప్త పులుల గణనలో దీని మొబైల్ రూపాన్ని వినియోగించారు. చేతిలోని ఫోను ఉపగ్రహ సంకేతాల ద్వారా తాను ఎక్కడున్నదో గ్రహించి, నడిచిన దారిని తానే గీసుకొంటుంది. అడుగుజాడను, మలాన్ని, చెట్టు మీది గోటిగీతలను ఫొటో తీయగానే స్థలం, తేదీ, సమయం దానికి జతపడతాయి. సిగ్నల్ లేని లోయలోనూ సమాచారం ఫోనులో భద్రంగా ఉండి, పిదప కార్యాలయపు కంప్యూటరుకు చేరుతుంది. పులి జాడతోపాటు కావలివాని జాడ కూడా ఇందులో నమోదవుతుందన్నది గమనింపదగిన విషయం.

ఇట్టి ప్రయత్నానికి దక్షిణాఫ్రికా పూర్వమే దారి చూపింది. అక్కడ 1990 దశకంలో రూపొందిన సైబర్‌ట్రాకర్‌లో అక్షరాలకు బదులు బొమ్మలుంటాయి. చదువురాని జాడగాళ్ళు సైతం తమ పరిజ్ఞానాన్ని శాస్త్రానికి అందించగలిగారు.

నల్లమలలో ఆ పరిజ్ఞానం చెంచులది. వారిలో పలువురు బేస్ క్యాంపులలో కావలివారుగా పనిచేస్తున్నారు. జాడ ఎక్కడ కనిపించిందో ఫోను చెప్పగలదు. అంచులు విరిగిన ఆ అడుగు రాత్రిదా, మొన్నటిదా అన్నది మాత్రం ముందు నడిచే చెంచు వంగి చూసి చెప్పవలసిందే. సాయంత్రం పటం మీద గీతలు పడని చోటు ఏదో తేలితే, మరునాటి నడక అటువైపే మొదలవుతుంది.