సముద్రపు గొట్టానికి గాజు బెండ్లు

బావిలో నీళ్ళు తోడేటప్పుడు ఒక సంగతి గమనించారా? చేద నీటిలో మునిగి ఉన్నంతసేపూ తేలికగా ఉంటుంది. నీటిని దాటి పైకి రాగానే బరువెక్కుతుంది. మునిగి ఉన్నప్పుడు నీరు కూడా దానిని పైకి నెడుతూ ఉండడమే ఇందుకు కారణం. ఒక వస్తువు ఎంత నీటిని తొలగిస్తుందో, అంత నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దానిని పైకి నెడుతుంది. ఇదే మీరు చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రం. ఆ బలమే ఉత్ప్లవన బలం.

సముద్రం అడుగున చమురు, గ్యాసు బావులు తవ్వేవారికి ఈ బలమే పెద్ద ఆసరా. కాకినాడ తీరానికి దూరంగా, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని లోతు నీటి బావుల నుండి 2009లో గ్యాసు ఉత్పత్తి మొదలయింది. ఇటువంటి చోట్ల తవ్వే ఓడ నీటిపైన ఉంటుంది. బావి నోరు వందల మీటర్ల అడుగున ఉంటుంది. ఈ రెంటినీ కలిపే ఉక్కు గొట్టమే రైజర్. దీని వ్యాసం సాధారణంగా 53 సెంటీమీటర్లు. తవ్వే పనిముట్లు దీనిలోంచి దిగుతాయి. రాతి ముక్కలను మోసుకొచ్చే బురద దీనిలోంచే పైకి వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. 27 మీటర్ల రైజర్ ముక్క బరువు గాలిలో 10 టన్నులనుకోండి. గొట్టం లోపలా బయటా సముద్రపు నీరే ఉన్నదనుకుంటే, ఆ ఉక్కు తొలగించే నీటి బరువు సుమారు 1.3 టన్నులు. కనుక నీటిలో అది 8.7 టన్నులు తూగుతుంది. 2,000 మీటర్ల లోతుకు 74 ముక్కలు కావాలి. మొత్తం ఇంచుమించు 640 టన్నులు! ఇంత బరువును ఓడ పైనుంచి లాగిపట్టాలి. పట్టు సడలితే గొట్టం తన బరువుకే వంగి విరిగిపోతుంది.

మన జాలరులు వల పై అంచుకు బెండ్లు కడతారు కదా! రైజర్ చుట్టూ కూడా అలాగే తేలే తొడుగులు బిగిస్తారు. వాటిని థర్మోకోల్‌తో చేయవచ్చునా? చేయరాదు. నీటిలో ప్రతి 10 మీటర్లకూ పీడనం ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది. 2,000 మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 200 కిలోల ఒత్తిడి ఉంటుంది. థర్మోకోల్ నలిగి చిన్నదవుతుంది. తొలగించే నీరు తగ్గితే తేలే గుణమూ తగ్గుతుంది. పోనీ, బోలు ఉక్కు డబ్బాలు? ఆ ఒత్తిడికి తట్టుకునేంత మందంగా చేస్తే వాటి బరువే భారమవుతుంది.

ఇక్కడ ఆదుకున్నది గాజు. వెంట్రుక మందమంత ఉండే బోలు గాజు గోళాలను తయారుచేస్తారు. చూపుకు అవి తెల్లని పిండిలా ఉంటాయి. వాటిని ఎపాక్సీ రెసిన్‌లో కలిపి గట్టిపరుస్తారు. దీని పేరు సింటాక్టిక్ ఫోమ్. గోళం మీద ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది కనుక అది సులభంగా నలగదు. కొన్ని గోళాలు పగిలినా మిగిలినవి పని చేస్తూనే ఉంటాయి. లోతు పెరిగేకొద్దీ బలమైన, కాస్త బరువైన ఫోమ్ వాడాలి. పైభాగపు తొడుగును అడుగున బిగిస్తే నలిగిపోతుంది. అందుకే ఏది ఎంత లోతుకో తెలిసేలా గుర్తులు వేస్తారు.

మరి బరువంతా పోయేలా తొడుగులు వేస్తే మంచిదే కదా? కాదు! తుఫాను వచ్చినప్పుడు రైజర్‌ను బావి నోటి దగ్గర విడదీస్తారు. అప్పుడది ఓడ కింద నిటారుగా వేలాడాలి. తేలే గుణం ఎక్కువైతే పైకి తోసుకువచ్చి ఓడకే ముప్పు తెస్తుంది. కాబట్టి కొంత బరువు కావాలనే మిగులుస్తారు.

ఎంత మిగులుతుందో మీరే కట్టి చూడండి. ఘనపు మీటరు ఫోమ్ 500 కిలోలు, సముద్రపు నీరు 1,025 కిలోలు. ఒక్కొక్క ముక్కకు 16 ఘనపు మీటర్ల ఫోమ్ తొడిగితే, 74 ముక్కలకు నీటిలో మిగిలే బరువెంత? వచ్చిన జవాబును 640 టన్నులతో పోల్చండి.