మాట తెలుగు.. పుస్తకం తమిళం!
బర్గూరు ఇళ్లలో వ్యక్తిత్వ వికాస పుస్తకాల దారి

బర్గూరు: 'పుస్తకమా.. చదివేకి టైము యాడుందప్పా!' బర్గూరు బట్టల అంగళ్ల వీధిలో చదువు ఊసెత్తితే వినిపించే మాట ఇదే. పొద్దున అంగడి తలుపు తీసింది మొదలు రాత్రి మూసేదాకా నిలబడి చీరలు మడతపెట్టే కుర్రాడికి ఆ మాట అనే హక్కుంది. జేబులోని సెల్‌ఫోనుకు మాత్రం టైము ఎలా దొరుకుతోందో, అది వేరే సంగతి.

తెల్లవారుజామున లేవడం, కోపం అణచుకోవడం, అప్పు చేయకుండా బతకడం.. ఇలాంటివి నేర్పే పుస్తకాలకు మన దగ్గర ఎప్పుడూ గిరాకీ ఉంది. ఇంగ్లండులో శామ్యూల్ స్మైల్స్ 1859లోనే 'సెల్ఫ్ హెల్ప్' రాశారు. అమెరికాలో డేల్ కార్నెగీ పుస్తకం 1936లో వచ్చింది. తెలుగులో నవలా రచయితగా పేరున్న యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు'తో కొత్త పాఠకులను తయారుచేశారు. ఇంద్రజాలికుడిగా, మానసిక నిపుణుడిగా పేరొందిన బి.వి. పట్టాభిరామ్ 2025లో కన్నుమూసేదాకా ఇదే బాటలో సాగారు. బర్గూరులో నలభై దాటినవారికి ఈ పేర్లు కొత్తవేమీ కావు. వారి పిల్లల సంగతే వేరు.

అక్షరం దగ్గరే అడ్డం

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఇదీ ఇక్కడి పిల్లల బతుకు. తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ 2015-16లో పదో తరగతికి చేరింది. తర్వాత కోర్టుల్లో మినహాయింపులు దొరికినా, మధ్యలో తెలుగు అక్షరాలు దిద్దకుండానే ఎదిగిపోయిన పిల్లలు ఎందరో! అందుకే వికాసం పాఠాలు వారికి తమిళంలోనే అందుతున్నాయి. ఎం.ఎస్. ఉదయమూర్తి రాసిన 'ఎణ్ణంగళ్' (ఆలోచనలు) తమిళనాట తరాల తరబడి చదివిన పుస్తకం. దాన్ని చదివిన తెలుగింటి కుర్రాడు నష్టపోయిందేమీ లేదు. కాకపోతే ఆ మాటలను ఇంట్లో అమ్మకు, అవ్వకు చెప్పేటప్పుడు తెలుగు మాట కోసం తడుముకోవాల్సి వస్తోంది. నోటితో నేర్చిన సుమతి, వేమన పద్యాలు అవ్వ దగ్గరే ఆగిపోతున్నాయి.

తొరపల్లి పెద్దాయన

మంచి అలవాటును రాతతో నేర్పాలని చూసినవాడు ఈ ప్రాంతంలోనే పుట్టాడు. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరు 10న పుట్టి, హోసూరు బడిలో చదివి, బెంగళూరు సెంట్రల్ కాలేజీకి వెళ్లిన రాజాజీ గురించే ఈ మాట. తిరుచెంగోడు దగ్గరి గాంధీ ఆశ్రమం నుంచి 1929లో మద్యానికి వ్యతిరేకంగా 'విమోచనం' అనే తమిళ పత్రిక తెచ్చారు. దాంట్లో ఆయనకు సాయపడింది తర్వాత 'కల్కి'గా పేరు తెచ్చుకున్న కృష్ణమూర్తి. రాజాజీ మద్రాసు ప్రధాని అయ్యాక 1937 అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొదట అమలుచేసిన జిల్లా సేలం. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి, బర్గూరు అన్నీ సేలంలోనివే. అంటే ఒక చెడ్డ అలవాటు మీద యుద్ధం ముందు కాగితం మీద, ఆ తర్వాత ఈ పల్లెల్లో జరిగిందన్నమాట. నిషేధం నిలవలేదు, అది అందరికీ తెలిసిందే. కల్లు మానమని చెప్పినంత తేలిక కాదు మానడం.

వికాస పుస్తకాలతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే ఉంది. చాలావాటిలో తప్పంతా చదివేవాడి సోమరితనానిదే అన్నట్టు ఉంటుంది. కూలి సరిపోనివాడికి, నిద్ర చాలనివాడికి 'గట్టిగా అనుకో, అయిపోతుంది' అనడం ఏం న్యాయం? ఆ లెక్కన జేమ్స్ క్లియర్ 2018లో రాసిన 'అటామిక్ హ్యాబిట్స్' కాస్త నయం. పెద్ద ప్రతిజ్ఞలు వద్దు, రోజూ చేసే చిన్న పని చాలు, చుట్టూ ఉన్న వస్తువులను అందుకు తగ్గట్టు సర్దుకోమంటుంది. ఫోను వేరే గదిలో, పుస్తకం దిండు పక్కన.. ఇంతే!

రెండు భాషల్లో ఒకే పుస్తకం

తండ్రికి తెలుగు, కొడుకుకు తమిళం వచ్చిన ఇంట్లో ఇద్దరూ కలిసి చదవగల పుస్తకాలూ ఉన్నాయి. అబ్దుల్ కలాం 1999లో అరుణ్ తివారీతో కలిసి రాసిన 'వింగ్స్ ఆఫ్ ఫైర్' తమిళంలో 'అగ్ని సిరగుగళ్', తెలుగులో వాడ్రేవు చినవీరభద్రుడి అనువాదంలో 'ఒక విజేత ఆత్మకథ'. చదువుకునే రోజుల్లో చెన్నై మూర్ మార్కెట్‌లో కొన్న ఒక పాత పుస్తకాన్ని కలాం జీవితాంతం వెంట ఉంచుకున్నారు. గాంధీజీ ఆత్మకథ కూడా రెండు భాషల్లోనూ నవజీవన్ సంస్థ దగ్గర తక్కువ ధరకే దొరుకుతుంది. 1904లో రైల్లో రస్కిన్ పుస్తకం చదివి ఆయన తన బతుకుతీరునే మార్చుకున్న సంగతి అందులో ఉంది.

ఇక కొనలేనివారికి గ్రంథాలయం ఉండనే ఉంది. 1948 నాటి చట్టం కింద తమిళనాడులో ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. ఇప్పుడది రూపాయికి పది పైసలు. బర్గూరు తెలుగువారూ కడుతున్నారు. తమిళ పుస్తకాల పక్కన ఒక తెలుగు అర కావాలని గ్రంథపాలకుడిని అడగడానికి ఆ పన్ను రశీదు చాలు.