న్యాయాధిపతియు సహచరుల తీర్పులును



నేను బడిపంతులుగా నున్న దినములలో నొక దోషము చేయుచుంటిని. నాకు ముందు దిద్దిన యుపాధ్యాయుడు జవాబుపత్రముపై వేసిన మార్కులు కంటబడినచో, నా చేయి తెలియకయే యా యంకెవంకకు జరుగుచుండెడిది. దానిని కాగితముతో కప్పి దిద్దినపుడు గాని నా బుద్ధి నాకు దక్కలేదు. వెనుకటి రచ్చబండలపై కరణముగారు మొదట నోరు విప్పినచో మిగిలిన తలలన్నియు నటే యూగుట మీ రెఱుగుదురు.

న్యాయాధిపతులును మనుష్యులే. అయినను వారు సహచరుల మాట వినుట యంతయు బలహీనత కాదు, కొంత విధి.

మా పాతబస్తీలో మూసీ దక్షిణతీరమున 1920లో ప్రారంభమైన హైకోర్టు సౌధమున్నది. భూమి తగవులతో వచ్చినవారు నన్నడుగుచుందురు: "పంతులుగారూ, నా దస్తావేజులుండగా ఎవరి తీర్పో చదువుదురేమండీ?" ఇద్దరు న్యాయాధిపతుల ధర్మాసనము నిర్ణయించిన న్యాయసూత్రమును తరువాతి యిద్దరు త్రోసివేయరాదు. నచ్చనిచో, ఇంకను పెద్ద ధర్మాసనమునకై ప్రధాన న్యాయాధిపతికి నివేదింపవలెను. ఒకే తగవున నీకొక న్యాయము, పొరుగువాని కొకటి కాకుండుటకే యీ కట్టుబాటు.

1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసినపుడు, పూర్వపు మద్రాసు తీర్పులు తమను కట్టునా యను ప్రశ్న పుట్టినది. ప్రధాన న్యాయాధిపతి కోకా సుబ్బారావుగారితో గూడిన పూర్ణ ధర్మాసనము కట్టుననియే చెప్పినది. ఆ తీర్పులను నమ్మి ఎందఱు పొలములు కొనిరో, ఎందఱు పంపకములు చేసికొనిరో!

1956లో సుబ్బారావుగారు మూసీతీరమునకు వచ్చి, 1958లో సుప్రీంకోర్టునకు వెడలిరి. అచ్చట 1962లో ఖరక్‌సింగు వ్యాజ్యెము విచారణకు వచ్చెను. దోపిడి నేరమున సాక్ష్యములేక విడువబడిన వానిపై పోలీసులు నిఘా పెట్టిరి. ఆర్గురిలో నలుగురు, రాత్రివేళ నింటికి వచ్చుట మాత్రమే తగదనిరి. సుబ్బారావుగారును షా గారును ఆ నిఘా నిబంధన యంతయు చెల్లదని వేఱుగా వ్రాసిరి. గుంటూరులో పూర్వుల తీర్పులకు కట్టుబడినవారే యిచ్చట ప్రక్కవారి యంకెను కప్పి దిద్దిరి! నాడు నలుగురి మాటయే చెల్లినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయాధిపతులు గోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా చెప్పుచు, ఆ యిద్దరి త్రోవనే సరియైనదనిరి.

కనుక, మీ వకీలుగారు పాత తీర్పును చూపినపుడు, దానిని ఎందఱు న్యాయాధిపతులిచ్చిరో, తరువాత నెవరైన త్రోసివేసిరో, అందలి సంగతులు మీ వ్యాజ్యెమునకు సరిపోవునో లేదో అడిగి తెలిసికొనుడు.