బొమ్మలు మార్చు మాక్రోలు



జూను మాసమున బడులు తెఱచిన పిమ్మట మన కోదాడలోని ముద్రణపు టంగళ్లకు దీరిక యుండదు. పెండ్లిపత్రికలును ఫ్లెక్సీలును నొకవంక నుండగా, బడిపిల్లల మెడలలో వ్రేలాడు గుర్తింపు కార్డులు వందలకొలది వచ్చి పడును. ఈ పనిలో గొంత భాగ మిప్పుడు గృహములకును వచ్చినది. ఇంట నొక కంప్యూటరుండి, కోరెల్‌డ్రా వంటి సాఫ్టువేరు నేర్చిన స్త్రీ వంటపని ముగించుకొని, అంగడివా రిచ్చిన ఫొటోలను గార్డులలో నమర్చి సాయంకాలమునకు బంపుచున్నది. కార్డున కింత యని లెక్కగట్టి కూలి యిత్తురు గావున నామెకు గాలమే మూలధనము.

ఈ పనిలో గార్డు నమూనా యొక్కటియే. పేరును, వివరములును, ఫొటోయు మాత్రమే మాఱును. పాత ఫొటోను దీసివేయుట, క్రొత్తదానిని దెచ్చుట, దానిని బాతదాని కొలతకు సరిచేయుట, చట్రములో నిముడ్చుట: ఈ నాలుగింటికి నిమిషము చొప్పున బట్టినను మూడువందల కార్డుల కైదు గంటలగును. చేయి నొచ్చును, కన్ను మసకలు గ్రమ్మును, అలసిన వెనుక దప్పులు దొరలును.

ఇట్టి శ్రమను దప్పించుటకే మాక్రోలు పుట్టినవి. మాక్రో యనగా, వరుసగా జేయవలసిన పనులను వ్రాసి యుంచిన యాజ్ఞాపత్రము. ఒకపరి చెప్పిన నది మూడువందల మాఱులు విసుగక చేయును. కోరెల్‌డ్రాలో నివి వి.బి.ఏ. అను భాషలో వ్రాయబడి, జి.ఎం.ఎస్. అను తోకపేరుగల ఫైళ్లుగా నుండును. బొమ్మ మార్చు మాక్రో పాత బొమ్మ యున్న చోటును, వెడల్పును, ఎత్తును గుర్తుంచుకొని, ఫోల్డరులోని క్రొత్త బొమ్మను దెచ్చి యాచోటనే నిలుపును. ఇట్టివానిని వ్రాసి, రూకయైన దీసికొనక యందఱ కిచ్చుచున్న యుదారులు గలరు.

కాని మాక్రో యుచితమైనను దానిని నడపు సాఫ్టువేరు నుచిత మని తలపరాదు. 1989లో వెలువడిన కోరెల్‌డ్రా వెలపెట్టి కొనవలసినదే. అంత వెల పెట్టజాలనివారు 2003లో నారంభమైన యింక్‌స్కేపును జూడవచ్చును. ఇది యందఱకు నుచితము. దీనికి నెక్స్ట్‌జెనరేటరు అను నుచితమైన యుపకరణము గలదు. పట్టికలోని యొక్కొక్క వరుసను జదివి, నమూనాలోని పేరును ఫొటోను మార్చి, వరుసకొక కార్డు చేసి యిచ్చుట దాని పని. పత్రికల పుటలు గూర్చు స్క్రైబసునకు స్క్రైబసుజెనరేటరు అట్టిదే. ఇట్టి స్వేచ్ఛా సాఫ్టువేరును మన తెలుగునాట వ్యాపింపజేయుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ పాటుపడుచున్నది.

ఇంతవఱకు లాభము చెప్పితిని. ఇక జాగ్రత్తపడవలసిన విషయమును జెప్పెదను.

మాక్రోకు ముఖములు తెలియవు. కొన్ని మాక్రోలు ఫోల్డరులోని ఫొటోలను వరుసగా దీసికొని కార్డులలో వరుసగా నుంచును. ఫొటోలు దీయు దినమున బదునేడవ సంఖ్య బాలుడు బడికి రాలే దనుకొనుడు. అప్పుడు పదునెనిమిదవవాని ముఖము పదునేడవవాని పేరుపై నెక్కును. అటుపిమ్మట దరగతి తుదవఱకు నందఱి ముఖములును నొక్కొక్క మెట్టు జరిగిపోవును. కార్డులు చూచుటకు జక్కగానే యుండును గావున నంగడివారికిని దప్పు తెలియదు.

ఇది చిన్న తప్పని కొంద ఱనవచ్చును. మన యూరు హైదరాబాదు విజయవాడల నడుమ రాజమార్గముపై నున్నది. రేయింబవళ్లు లారీలు తెంపులేక పోవుచుండును. ఏ బిడ్డకైన నాపద వాటిల్లి స్పృహ తప్పినప్పుడు, ఆ బిడ్డ యెవ్వరి బిడ్డయో తెలుపునది మెడలోని కార్డే. రక్తవర్గమును వైద్యులు మరల బరీక్షింతురు గాని, ఫోను సంఖ్యను బరీక్షించువా రెవ్వరు? కార్డులో ముఖమొకరిది, సంఖ్య యొకరిది యైనచో, బిడ్డ చెంత నెవ్వరికి బిలుపు పోవలెనో తేలకపోవును. ఒక తల్లి యూరక గుండె పగిలి పరుగెత్తుటయు, మఱియొక తల్లి యేమియు నెఱుగక యింట గూర్చుండుటయు సంభవింపవచ్చును.

దమయంతీ స్వయంవరమున నలుని రూపు దాల్చిన నలుగురు దేవతలును, నలుడును నొక్క వరుసలో గూర్చుండినప్పుడు, ఆ సాధ్వి వరుసను నమ్మలేదు. రెప్పపాటు, చెమట, నేలపై మోపిన పాదము మున్నగు గుర్తులను బట్టి తన పతిని దెలిసికొన్నది. మనమును వరుసను విడిచి గుర్తును బట్టవలెను. ఆ గుర్తు బడిలో బిడ్డకిచ్చిన ప్రవేశసంఖ్యయే. ప్రతి ఫొటోఫైలునకును నా సంఖ్యనే పేరుగా నుంచి, పట్టికలో నా బిడ్డ పేరున్న వరుసయందే యా ఫైలుపేరును వ్రాయవలెను. వరుసను బట్టి పోవు మాక్రోను మాని, ఇట్లు పట్టికను జదువు దానినే యెన్నుకొనుడు. ఫొటో లేనిచోట నది ఖాళీగా విడుచునో, ముందటి బిడ్డ ముఖమునే నిలుపునో ముందుగా బరీక్షింపుడు. ఖాళీ కార్డు కంటికి గనబడును. తప్పు కార్డు కనబడదు.

ఫైళ్ల పేర్లలో మఱి రెండు చిక్కులు గలవు. 1, 2, 10 అని వ్రాసిన, మాక్రో యక్షరక్రమమున జదివి 1 తరువాత 10ని దీసికొనవచ్చును; అందుచే 001, 002, 010 అని యంకెలు సమముగా వ్రాయవలెను. వి.బి.ఏ. మాక్రోలు తెలుగులిపిలో నున్న ఫైలుపేర్లను దఱచుగా జదువజాలవు గనుక నంకెలే మేలు.

ఫొటో కొలతయు నట్టిదే. వెడల్పెక్కువైన ఫొటోను నిలువు చట్రములో బలవంతముగా నుంచిన, బిడ్డ ముఖము పిండినట్లగును. ముందే యన్నింటిని నొక్క నిష్పత్తికి గత్తిరింపవలెను. అంగుళమునకు 300 చుక్కల చొప్పున 25 మి.మీ. వెడల్పునకు సుమారు 295 చుక్కలు చాలును. ఫోనుతో దీసిన పెద్ద ఫొటోలు మూడువందలు చేర్చిన ఫైలు బరువెక్కి కంప్యూటరు నిలిచిపోవును.

ఉచితముగ వచ్చునదంతయు గానుక గాదు. మాక్రో మన కంప్యూటరులో మనవలెనే ఫైళ్లు తెఱవగలదు, తుడిచివేయనుగలదు. 1999లో మెలిస్సా యను మాక్రో వైరసు వర్డు పత్రమున దాగి, ఈ-మెయిలు ద్వారా లోకమంతట వ్యాపించి పలు సంస్థల పనికి విఘాతము గలిగించినది. కావున మాక్రోను వ్రాసినవారి సొంత స్థలమునుండియే తెచ్చుకొనుడు. చేతులు మాఱి వచ్చిన దానిని ముట్టకుడు. నమూనాకు బ్రతి నొకటి వేఱుగా దాచి, మొదట నైదు కార్డులపై నడిపి చూడుడు. పరుల పిల్లల ఫొటోలు మనచెంత నుంచబడిన యిల్లడలు; ఊరు పేరు తెలియని యుచిత వెబ్‌సైట్లలో వానిని బెట్టకుడు; పని ముగిసి కార్డులు చేరిన పిమ్మట దుడిచివేయుడు.

తుదకొక మాట. మాక్రో మిగిల్చిన యైదు గంటలలో నొక యరగంట కంటిపనికి నియ్యుడు. తరగతికొక కాగితముపై ముఖములును బేర్లును ముద్రించి, అచ్చునకు ముందు తరగతి యుపాధ్యాయునకు జూపుడు. ప్రతిదినము హాజరు పిలుచు నతనికి నిమిషములో దప్పు తెలియును. మిగిలిన కాలము మీది. బియ్యములో ఱాళ్లేఱిన కన్నులకు, ముగ్గులో దప్పిన చుక్కను బట్టిన కన్నులకు నీ పరీక్ష కష్టము గాదు. చేతిపనిని యంత్రమునకు విడువుడు. ఏ ముఖ మే బిడ్డదో చూచు పనిని మాత్రము మీ చేతినుండి విడువకుడు.