దారి చూపే పట్టిక

కాజీపేటలో ఒక నాయనమ్మ, ఆమె మనవరాలు ఉన్నారు. మనవరాలి తండ్రి విజయవాడలో పని చేస్తాడు. నాయనమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. మనవరాలు ఫోన్‌లో తండ్రికి కబురు రాసింది. "బాపూ, నాయనమ్మకు నయమైంది. ఫికర్ చేయకు." మీట నొక్కగానే కబురు పోయింది. కాసేపట్లో జవాబు కూడా వచ్చింది.

నాయనమ్మ ముక్కున వేలేసుకుంది. "దీనికి తొవ్వ ఎవరు చూపిండ్రే? మీ బాపు ఎక్కడున్నడో దీనికెట్ల తెలిసింది?" అని అడిగింది.

మంచి ప్రశ్న. జవాబు తెలుసుకుందాం.

ముందు ఉత్తరం సంగతి

ఉత్తరం మీద చిరునామా రాస్తాం. చివర ఆరు అంకెలు వేస్తాం. అదే పిన్ కోడ్. మన దేశంలో ఇది 1972 ఆగస్టు 15న మొదలయింది.

వరంగల్‌లో ఎన్.ఐ.టి. అనే పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. దాని పిన్ కోడ్ 506004. ముంబైలో ఎవరో ఈ కాలేజీకి ఉత్తరం వేశారనుకోండి. అక్కడ ఉత్తరాలు వేరు చేసే మనిషికి ఈ కాలేజీ ఎక్కడుందో తెలియనవసరం లేదు. మొదటి అంకెలు చూస్తాడు. 50 అంటే తెలంగాణ. అటు పోయే సంచిలో వేస్తాడు. తెలంగాణకు వచ్చాక 506 చూస్తారు. అది వరంగల్ ప్రాంతం. వరంగల్ సంచిలో వేస్తారు. చివరి మూడు అంకెలు ఏ పోస్టాఫీసో చెబుతాయి.

చూశారా! దారి మొత్తం ఏ ఒక్కరికీ తెలియనవసరం లేదు. తర్వాతి మజిలీ తెలిస్తే చాలు. ఉత్తరం ఇల్లు చేరుతుంది.

కబురు పొట్లాలు

ఫోన్ కబురు కూడా ఇలాగే పోతుంది. ఫోన్ దాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కడుతుంది. ఫోటో అయితే ఎన్నో పొట్లాలవుతుంది. ప్రతి పొట్లం మీద రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి పంపేవారిది, రెండోది అందుకునేవారిది. అవి పేర్లు కావు, అంకెలు.

చాలా కబుర్లు ముందు మెసేజి కంపెనీ కంప్యూటరుకు పోతాయి. అక్కడి నుంచి అవతలి ఫోన్‌కు పోతాయి. ఎటు పోయినా పద్ధతి ఒకటే. దారిలో కూడలి వచ్చిన ప్రతిచోటా ఒక యంత్రం ఉంటుంది. దాని పేరు రూటర్. పొట్లం మీది చిరునామా చూసి ఎటు పంపాలో తేల్చేది అదే.

ఎలా తేలుస్తుంది? దాని లోపల ఒక పట్టిక ఉంటుంది. దాన్ని రూటింగ్ టేబుల్ అంటారు. కాజీపేట జంక్షన్‌ను తలచుకోండి. అక్కడి నుంచి మూడు వైపులా పట్టాలు పోతాయి. వాటికి పట్టిక రాస్తే ఇలా ఉంటుంది:

జనగామ, సికింద్రాబాద్ – సికింద్రాబాద్ లైను
పెద్దపల్లి, మంచిర్యాల – బల్లార్షా లైను
వరంగల్, మహబూబాబాద్ – విజయవాడ లైను

రూటర్ పట్టిక కూడా ఇలాంటిదే. ఊళ్ళ పేర్లకు బదులు అంకెల గుంపులు ఉంటాయి. ఒక్కోసారి ఒక పొట్లానికి రెండు వరుసలు సరిపోతాయి. అప్పుడు ఎక్కువ అంకెలు కలిసిన వరుసనే రూటర్ తీసుకుంటుంది. 50 అన్న వరుస కంటే 506 అన్న వరుస దగ్గరి దారి చెబుతుంది కదా! ఏ వరుసా కలవకపోతే "మిగిలినవన్నీ ఇటు" అనే వరుస ఉంటుంది. అది కూడా లేకపోతే పొట్లాన్ని పారేస్తుంది.

దారి తెగితే?

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కుండపోత వాన. ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. ఎన్నో బండ్లు రద్దయ్యాయి. కొన్నిటిని వేరే దారుల్లో మళ్ళించారు.

రూటర్లకూ ఇలాంటి కష్టం వస్తుంది. అవి పక్క రూటర్లతో ఎప్పటికప్పుడు కబురు పెట్టుకుంటాయి. "ఈ చిరునామాలకు నా మీదుగా పోవచ్చు" అని చెప్పుకుంటాయి. తీగ తెగితే ఆ సంగతీ చెప్పుకుంటాయి. పట్టికలో పాత వరుస కొట్టేసి కొత్తది రాసుకుంటాయి. మనిషి చేయి పెట్టనక్కర లేదు. మధ్యలో పోయిన పొట్లాలను ఫోన్ మళ్ళీ పంపుతుంది.

పట్టికలోనే తప్పు ఉంటే పొట్లం గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. అందుకే ప్రతి పొట్లం మీద ఒక లెక్క వేస్తారు. ఒక రూటర్ దాటితే ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే ఆ పొట్లాన్ని పారేస్తారు.

రెండో దారి ఉందా?

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పట్టిక దారి చూపుతుంది. దారి వేయదు. ఊరికి ఒక్కటే తీగ ఉండి, అది తెగితే రూటర్ ఏమీ చేయలేదు.

నాయనమ్మ చెల్లెలు పల్లెలో ఉంటుంది. పోయిన నెల ఆమె రేషన్ షాపుకు పోయింది. రోడ్డు తవ్వుతుంటే నెట్ తీగ తెగింది. వేలిముద్ర మిషన్ పని చేయలేదు. "నెట్ లేదు, రేపు రా" అన్నారు. మూడు రోజులు తిరిగింది. మూడు రోజుల కూలి పోయింది. తప్పు ఆమె వేలిది కాదు. డీలరుదీ కాదు. ఊరికి రెండో దారి లేకపోవడమే అసలు లోటు.

అంతా విని నాయనమ్మ అన్నది: "కంట్రోల్ బియ్యం రాలేదంటే దాని కిస్మత్ అనుకున్న. ఇప్పుడు తెలిసింది. గ్రామసభల అడగమని చెల్లెకు చెప్తా. ఆ ఫోనిటియ్యి!"

ఆలోచించండి

1. మీ ఊరికి నెట్ తీగ ఎటు నుంచి వస్తుంది? ఇంకో దారి ఉందా?
2. నెట్ లేని రోజు మీ ఊళ్ళో ఏ ఏ పనులు ఆగుతాయి? అందరూ కలిసి రాయండి.