ఐదు గినీల పరువు, ఆరు నెలల గడువు

1944 జూన్‌లో లండన్ హైకోర్టు ఒక మనిషి పరువుకు వెల కట్టింది. ఐదు గినీలు, అంటే 5 పౌండ్ల 5 షిల్లింగులు. ఆ మనిషి వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్. అంతకు ముందు ఏడాది జూలై ఆఖరులో, లార్డ్స్ మైదానంలో మ్యాచ్ ఆడటానికి భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని లండన్ వచ్చాడు. రసెల్ స్క్వేర్‌లోని ఇంపీరియల్ హోటల్లో నాలుగు రాత్రులకు ముందే గదులు మాట్లాడుకున్నాడు. తీరా వచ్చాక, హోటల్లో దిగిన అమెరికన్లకు నల్లవాళ్ళు గిట్టరనీ, ఉంటే ఈ ఒక్క రాత్రేననీ సిబ్బంది తేల్చేశారు.

కేసు గెలిచాడు. కానీ ఆ గెలుపు రంగు గురించి కాదు. ప్రయాణికుడు తలుపు తడితే సత్రం నడిపేవాడు సరైన కారణం లేకుండా కాదనకూడదన్నది ఇంగ్లండ్‌లో తరతరాల నాటి నియమం. జస్టిస్ బర్కెట్ దాన్నే పట్టుకుని తీర్పు చెప్పాడు. అదే యాజమాన్యానికి చెందిన మరో హోటల్లో చోటు దొరికింది కనుక చేతి నుంచి పోయిన డబ్బేమీ లేదు. అవమానానికి విడిగా లెక్కకట్టే పద్ధతి లేదు. అందుకే ఐదు గినీలు. నేటి లెక్కలో చూసినా రెండు మూడు వందల పౌండ్లకు మించవు.

ఆ సత్రపు నియమం పబ్‌కు గానీ, డాన్స్ హాలుకు గానీ వర్తించదు. పడుకోవడానికి గదులు లేని పబ్ యజమాని ఎవరినైనా, ఏ కారణం చెప్పకుండానైనా బయటికి పంపొచ్చు. ఉల్వర్‌హాంప్టన్‌లోని స్కాలా బాల్‌రూమ్ 1958లో ఈ స్వేచ్ఛను వింతగా వాడుకుంది. వేదిక మీద వాయించే బృందంలో నల్లజాతి సంగీతకారులు ఉండొచ్చు, కింద నాట్యం చేసేవాళ్ళలో మాత్రం ఉండకూడదు! సంగీతకారుల సంఘం తన సభ్యులను అక్కడ వాయించొద్దని చెప్పింది. బాల్‌రూమ్ కోర్టుకెక్కింది, వాళ్ళను ఆపండని. అప్పీలు కోర్టు ఆపనంది. రంగు చూసి తలుపు వేయడం ఆనాడు చట్టవిరుద్ధం కాదు. అలా తలుపు వేసినవాడికి సహకరించకపోవడం కూడా చట్టవిరుద్ధం కాదని తేలింది. అంతవరకే.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, పబ్‌లలో, నైట్‌క్లబ్‌లలో సిబ్బంది జాతి వివక్షను ఎదుర్కొన్నవాళ్ళు గేటు దగ్గర నోటితో గెలిచిన సందర్భాలు నాకు కనిపించవు. అక్కడ గెలిచేది దాదాపు ఎప్పుడూ బౌన్సరే. లెక్కకు వచ్చిన గెలుపులన్నీ తర్వాత, కాగితాల మీద వచ్చాయి. ఈ విద్యను బ్రిటన్‌లో బాగా వంటబట్టించుకున్నవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళిన ఫౌండ్రీ కార్మికులున్నారు.

బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్ అనే పారిశ్రామిక పట్టణం. 1960లలో అక్కడి పబ్‌లలో భారతీయులకు ఒక గది, తెల్లవాళ్ళకు ఒక గది. కొన్నిచోట్ల భారతీయులకు ప్రవేశమే లేదు. పంజాబ్ నుంచి 1958లో వెళ్ళి ఫౌండ్రీలో పనికి కుదిరిన అవతార్ సింగ్ జౌహల్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ తరఫున ఒక పద్ధతి పెట్టాడు. యూనివర్సిటీ నుంచి తెల్ల విద్యార్థులను వెంటతీసుకుని పబ్‌ల వెంట తిరగడం. అదే కౌంటరు, అదే సాయంత్రం, అదే బీరు. విద్యార్థికి పోస్తారు, కార్మికుడికి పోయరు. పోయకపోవడాన్ని చూసిన సాక్షులు అక్కడే గ్లాసు పట్టుకుని ఉంటారు. ఆ సాక్ష్యం పబ్ లైసెన్స్‌ను వ్యతిరేకించడానికి పనికొచ్చేది. యజమానికి నిందలు లెక్కలేదు, లైసెన్స్ పోతే మాత్రం బతుకే పోతుంది. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చినప్పుడు జౌహల్ ఆయన్ను బ్లూ గేట్స్ అనే పబ్‌కు తీసుకెళ్ళాడు. స్మోక్ రూమ్‌లో ఆయనకూ పోయలేదు. సరిగ్గా తొమ్మిది రోజులకు న్యూయార్క్‌లో ఆయన హత్య జరిగింది.

అదే ఏడాది డిసెంబరు 8న బ్రిటన్ మొదటి జాతి సంబంధాల చట్టం అమల్లోకి వచ్చింది. పబ్‌లు, హోటళ్ళు, డాన్స్ హాళ్ళు, సినిమా హాళ్ళలో రంగునుబట్టి కాదనడం తప్పన్నారు. అయితే అవమానపడినవాడికి నేరుగా కోర్టుకెళ్ళే హక్కు లేదు. జాతి సంబంధాల బోర్డుకు చెప్పుకోవాలి, బోర్డు రాజీ చేస్తుంది, కుదరకపోతే అటార్నీ జనరల్ తలచుకోవాలి. కంటితుడుపు చట్టమంటే ఇదే. నేరుగా దావా వేసే హక్కు 1976లో గానీ రాలేదు.

ఈలోగా ఇంకో సందు తెరుచుకుంది. 'మాది పబ్ కాదు, సభ్యుల క్లబ్' అనడం. ఈస్ట్‌హామ్‌లోని ఒక కన్సర్వేటివ్ క్లబ్‌లో చేరబోయిన భారతీయుడి దరఖాస్తుపై కమిటీ ఓట్లు సరిసమానంగా చీలాయి. రంగు కూడా చూడాల్సిన విషయమేనన్న చైర్మన్ తన ఓటుతో దాన్ని కొట్టేశాడు. 1973లో, అప్పట్లో చివరి అప్పీళ్ళు వినే ప్రభువుల సభ క్లబ్ పక్షానే నిలిచింది. మరుసటి ఏడాది ప్రెస్టన్‌లోని డాకర్స్ క్లబ్ కేసు ఇంకా విడ్డూరం. దేశమంతా దాదాపు 4,000 శ్రామిక క్లబ్‌లు ఒక కూటమిగా ఉండేవి. ఒకదాని అసోసియేట్ సభ్యుడు ఏ క్లబ్‌లోకైనా వెళ్ళొచ్చు. అలాంటివాళ్ళు పది లక్షల దాకా ఉన్నారు. అయినా ఆ పది లక్షల మందీ 'ప్రజలు' కిందికి రారని, అందుకే నల్లజాతి సభ్యుణ్ణి బయటికి పంపడం చట్టానికి పట్టదని న్యాయమూర్తులు అన్నారు. ఆ తీర్పులకు విరుగుడుగా 1976 చట్టంలో వచ్చిన అంకె 25. అంతకంటే తక్కువ మంది ఉన్న సంఘాన్ని వదిలేసి, 25 మందీ ఆపైన సభ్యులున్న ప్రతి క్లబ్‌నూ చట్టం పరిధిలోకి తెచ్చారు. 2010 ఈక్వాలిటీ చట్టంలోనూ ఆ 25 అలాగే ఉంది. ఒకే జాతీయత వాళ్ళు కలిసి సంఘం పెట్టుకోవచ్చు గానీ, ఒంటి రంగుతో గిరి గీసుకోవడం కుదరదు. డబ్బు కట్టిన ప్రతివాడినీ లోపలికి పంపుతూ, గోధుమరంగు మొహం కనిపించగానే 'మెంబర్స్ ఓన్లీ' అనే నైట్‌క్లబ్ అసలు క్లబ్ కిందికే రాదు. అది మామూలు వ్యాపారమే.

ఇప్పటి సంగతికి వద్దాం. 2022-23లో బ్రిటన్ యూనివర్సిటీల్లో భారత విద్యార్థులు దాదాపు 1,73,000 మంది. వాళ్ళలో తెలుగు పిల్లలు ఎందరో. 'నీ రంగు నచ్చలేదు' అని ఈ రోజుల్లో ఏ బౌన్సరూ అనడు. ఈ రాత్రి గెస్ట్ లిస్ట్ వాళ్ళకే అంటాడు, బూట్లు బాలేవంటాడు, రెగ్యులర్స్‌నే పంపుతున్నామంటాడు. ఇందులో నిజమైన కారణాలూ ఉంటాయి. తాగి తూలేవాడికి మందు అమ్మడం అక్కడ నేరం, 18 నిండనివాళ్ళకు అమ్మడమూ నేరమే. కాబట్టి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: అవే బూట్లతో తెల్ల కుర్రాడు లోపలికి వెళ్ళాడా?

దానికి జవాబు దొరికితే కేసు సగం దారిలో ఉన్నట్టే. బౌన్సర్ మనసులో ఏముందో నిరూపించే బాధ్యత చట్టం మీ నెత్తిన పెట్టలేదు. 2010 చట్టం 136వ సెక్షన్ ప్రకారం, వేరే వివరణ ఇవ్వకపోతే ఇది వివక్షేనని కోర్టు అనుకోగలిగే వాస్తవాలు మీరు చూపితే చాలు. అక్కడి నుంచి కాదని నిరూపించుకోవాల్సింది వాళ్ళే. వరుసలో మీ ముందు ఎవరు వెళ్ళారు, వెనక ఎవరు వెళ్ళారు, వాళ్ళ ఒంటి మీద ఏమున్నాయి, మీతో అన్న మాట ఏమిటి, ఆ సమయానికి గడియారంలో ఎంతైంది. ఇవన్నీ ఆ రాత్రే ఫోన్లో రాసుకుని మీకు మీరే మెయిల్ చేసుకోవడం, నాలుగు బూతులు తిట్టడం కంటే వెయ్యి రెట్లు మేలు. తిడితే వాళ్ళ చేతికే కారణం ఇచ్చినట్టు: 'గొడవ చేశాడు, అందుకే ఆపాం.'

మొదట పట్టుకోవాల్సింది 16 అంకెలు. బ్రిటన్‌లో లైసెన్స్ లేకుండా ఎవరూ బౌన్సర్ పని చేయకూడదు, 2001 నాటి చట్టం అది. సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ ఇచ్చే బ్యాడ్జ్ పనిలో ఉన్నంతసేపూ కనిపించేలా పెట్టుకోవాలి. దాని మీద 16 అంకెల నంబరు ఉంటుంది. ఎవరైనా పబ్లిక్ రిజిస్టర్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. పేరు చెప్పనన్నా నంబరు దాచడం కుదరదు. 'వాడు మా మనిషి కాదు, ఏజెన్సీ పంపింది' అని క్లబ్ చెప్పే మాటకు కంగారుపడనక్కర్లేదు. సిబ్బంది చేసినదానికే కాదు, తన తరఫున ఏజెంటుగా పనిచేసినవాడు చేసినదానికీ యజమానిది బాధ్యతే అంటుంది చట్టం.

రెండోది 31. చాలా లైసెన్సుల్లో సీసీటీవీ దృశ్యాలను 31 రోజులు దాచాలన్న షరతు ఉంటుంది. తర్వాత చెరిగిపోతే ఎవరినీ అడగలేం. మీరు కనిపించే దృశ్యాలు కావాలని డేటా రక్షణ చట్టం కింద రాతపూర్వకంగా అడగడానికి ఫీజు లేదు, వాళ్ళు నెలలోగా జవాబివ్వాలి. ఈ రెండు గడువులూ దాదాపు సమానమని గమనించండి. మూడో వారంలో తీరిగ్గా అడిగేవాడికి జవాబూ రావొచ్చు, 'దృశ్యాలు లేవు' అన్న జవాబు. మర్నాడే అడగాలి. గతంలో క్లబ్‌ను ప్రశ్నలడగడానికి చట్టబద్ధమైన ప్రశ్నావళి ఉండేది. 2014 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. వ్యాపారాల మీద భారం తగ్గించడానికట!

దావా గడువు ఆరు నెలలకు ఒక రోజు తక్కువ. మార్చి 15న జరిగితే సెప్టెంబరు 14 ఆఖరు రోజు. శనివారం రాత్రి అనుకునేది పన్నెండు దాటాక ఆదివారం అవుతుంది కాబట్టి అనుమానముంటే ముందు తేదీనే లెక్కపెట్టుకోవడం మంచిది. జర్మనీలో చదువుకునే పిల్లలకైతే ఇంకా తొందర, అక్కడ రెండు నెలలే.

ఇక డబ్బు. మనసు నొచ్చినందుకు ఎంత ఇవ్వాలో కొలవడానికి 2002 నాటి వెంటో తీర్పుతో మూడు అంచెలు ఏర్పడ్డాయి. 2025 ఏప్రిల్‌లో సవరించిన లెక్కలో కింది అంచె 1,200 నుంచి 12,100 పౌండ్లు, మధ్యది 36,400 దాకా, పైది 60,700 దాకా. గేటు దగ్గర ఒక్కసారి జరిగిన తిరస్కారం మామూలుగా కింది అంచెలోనే ఉంటుంది. 5,000 నుంచి 10,000 పౌండ్ల దావాకు కోర్టు ఫీజే 455 పౌండ్లు. నెల అద్దెకు తడుముకునే విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ ఉన్నత ప్రాంతీయ కోర్టు 2011 డిసెంబరులో, డిస్కోలోకి రానివ్వని నల్లజాతి యువకుడికి ఇప్పించింది 900 యూరోలు. వారాంతపు రాబడి ముందు ఈ మొత్తాలు క్లబ్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండవు.

అందుకే నా చూపు మళ్ళీ స్మెథిక్ పద్ధతి మీదికే పోతుంది. 2003 లైసెన్సింగ్ చట్టం కింద, ఏ మనిషైనా సరే, ఫీజు లేకుండా, ఒక పబ్ లేదా నైట్‌క్లబ్ లైసెన్స్‌ను సమీక్షించమని కౌన్సిల్‌ను అడగొచ్చు. 28 రోజులు అభ్యంతరాలు వింటారు, ఆ తర్వాత 20 పనిదినాల్లో విచారణ మొదలవ్వాలి. షరతులు పెట్టొచ్చు, మూడు నెలల దాకా సస్పెండ్ చేయొచ్చు, రద్దే చేయొచ్చు. ఒక పెద్ద లోపముంది. సమీక్షకు ఆధారం కావాల్సినవి నాలుగే లక్ష్యాలు: నేరాల నివారణ, ప్రజల భద్రత, ఇబ్బందులు కలగకుండా చూడటం, పిల్లల రక్షణ. సమానత్వం ఆ నాలుగింటిలో లేదు. కాబట్టి ఊరికే ఆపేశారన్న ఫిర్యాదు ఇక్కడ బలహీనం. బౌన్సర్ జాతిపేరుతో తిట్టాడనుకోండి, 1998 చట్టం కింద అది జాతి ద్వేషం తోడైన నేరం. పోలీసులకు 101కి చెప్పి రిఫరెన్స్ నంబరు తీసుకుంటే, ఫిర్యాదు మొదటి లక్ష్యం కిందికి వస్తుంది.

లైసెన్సింగ్ పెద్దలు మనవైపే ఉంటారనుకోవడానికీ వీల్లేదు. లండన్ పోలీసులు 2005 నుంచి ఫారం 696 అనేదాన్ని నింపించుకునేవారు. ఏ రకం సంగీతం వాయిస్తారో అడిగేవారు, మొదట్లో ఏ జాతి జనం వస్తారో కూడా అడిగారు. బాష్‌మెంట్, ఆర్ అండ్ బీ అని రాస్తే కార్యక్రమానికి చిక్కులే. నల్లజాతి సంగీతకారులు ఏళ్ళ తరబడి పోరాడితే 2017 నవంబరులో గానీ అది పోలేదు. పోలీసు చూపు ఒక రకం జనం మీద ఉన్నప్పుడు, ఆ జనం ఎక్కువైతే తన లైసెన్స్‌కే ముప్పని యజమాని లెక్కవేసుకుంటాడు. గేటు దగ్గర కనిపించే బౌన్సర్ వెనక కనిపించని వరుస అది.

ఇది చదువుతున్నవాళ్ళు హైదరాబాద్ పబ్‌ల సంగతేమిటని అడగక మానరు. మన రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో, వినోద స్థలాల్లో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూపి ఎవరినీ ఆపకూడదని 1950లోనే చెప్పింది, బ్రిటన్ కంటే పదిహేనేళ్ళు ముందు. కానీ దాని వెనక 16 అంకెల బ్యాడ్జీ లేదు, ఆరు నెలల గడువు లేదు, మూడు అంచెల వెల లేదు. నైజీరియా నుంచి వచ్చిన విద్యార్థిని పబ్ గేటు దగ్గర ఆపితే నేరుగా పట్టుకునే ప్రత్యేక చట్టమంటూ లేదు. కాస్త దగ్గరగా ఉన్నవాటిలో ఒకటి 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం. హోటల్లోకి, వినోద స్థలంలోకి రానివ్వకపోతే నెల నుంచి ఆరు నెలల జైలు అంటుంది, అదీ అంటరానితనం కారణమైతేనే. దాంతోపాటు వేసే జరిమానా కనీసం 100 రూపాయలు, గరిష్ఠం 500.