తీర్పు చెల్లాలంటే సర్కారు సంతకం కావాలా?

కోర్టు ఒక చట్టాన్ని కొట్టేసినప్పుడల్లా టీవీ చర్చల్లో అదే ప్రశ్న: కోట్లమంది ఓట్లేసి పంపిన పార్లమెంటు గొప్పదా, ఎవరూ ఓటేయని జడ్జీలు గొప్పా? నన్నడిగితే ప్రశ్నలోనే తిరకాసుంది. ఎవరు గొప్ప అన్నది కాదు, ఏ పని ఎవరిది అన్నది తేలాలి.

దానికి మన ఇంటి కేసే ఒకటుంది. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని ఫలితంగా 1973 నాటి 32వ సవరణతో రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. లోకల్, నాన్‌లోకల్ గొడవకే మనకది గుర్తు. ప్రభుత్వోద్యోగుల సర్వీసు తగాదాలను హైకోర్టు నుంచి తప్పించి ఒక ట్రిబ్యునల్‌కు అప్పగించే వీలు కల్పించిందీ అదే. తమాషా అంతా ఐదో క్లాజులో ఉంది. ట్రిబ్యునల్ తుది ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, లేదంటే మూడు నెలలు గడవాలి. అప్పటిదాకా అది అమల్లోకి రాదు. ఈలోపు ప్రభుత్వం కారణాలు రాసి దాన్ని మార్చెయ్యవచ్చు, రద్దే చెయ్యవచ్చు.

ప్రమోషన్ రాని గుమాస్తా ఒకాయన సర్కారు మీద కేసు వేసి గెలిచాడనుకోండి. ఓడిన సర్కారే ఆ తీర్పు ఫైలు తెప్పించుకుని చెల్లదని రాసుకోవచ్చు! కబడ్డీలో రిఫరీ విజిల్ ఊది ఔటన్నాక, ఔటైనవాడి కెప్టెన్ ఒప్పుకుంటేనే పాయింటు అన్నట్టు. ఆ కెప్టెన్‌ని ఊరంతా ఓట్లేసి ఎన్నుకున్నారనే అనుకుందాం. జట్టులో ఎవరుండాలో, కూతకు ఎవరు వెళ్లాలో, ఎలా పట్టాలో అన్నీ ఆయనిష్టం. విజిల్ మాత్రం ఆయనది కాదు.

1986 డిసెంబరులో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వును మార్చే, రద్దుచేసే ఆ అధికారాన్ని, దాంతోపాటు ఐదో క్లాజు మొత్తాన్నీ కొట్టేసింది. కక్షిదారే తీర్పును తిరగరాయడం చట్టబద్ధ పాలనకు విరుద్ధమంది. లోకల్ రిజర్వేషన్ల జోలికి మాత్రం వెళ్లలేదు. అది ప్రజాప్రతినిధులు తేల్చుకోవలసిన విధానం.

రాజ్యాంగ సవరణనే కొట్టేసే అధికారం ఎక్కడిదంటారా? 1967లో గోలక్‌నాథ్ కేసులో మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారి నాయకత్వంలోని ధర్మాసనం ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదంది. నాకైతే ఆ తీర్పు మరీ బిగించిన ముడి. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీలు కూర్చుని 7-6 తేడాతో దాన్ని సడలించారు: ఏ అధికరణాన్నయినా సవరించుకోండి, మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకండి. ఆ స్వరూపంలో ఏమేముంటాయో పూర్తి జాబితా ఇవ్వలేదు. విమర్శకుల ఫిర్యాదు అదే, సబబైనదే.

అంతకన్నా గట్టి ఫిర్యాదు ఇంకొకటుంది. జడ్జీల నియామకానికి కమిషన్ పెడుతూ పార్లమెంటు చేసిన 99వ సవరణను సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాయి. 2015లో సుప్రీంకోర్టు 4-1 తేడాతో దాన్ని కొట్టేసి, జడ్జీలను జడ్జీలే ఎంపికచేసే కొలీజియాన్ని నిలబెట్టుకుంది. సాంబమూర్తి కేసులో సర్కారుకు పెట్టిన కొలత ఇక్కడ తమకు పెట్టుకోలేదు. విభేదించిన ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్. మరుసటేడు, తాను సభ్యుడిగా ఉన్న కొలీజియం సమావేశాలకే వెళ్లడం మానేశారు.